కాపురానికి వెళ్లడం కూడా వలసే

నేను గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. గత నెలలో వలసల పాఠం మొదలుపెడుతూ, మీ ఇళ్లల్లో పుట్టిన ఊరు వదిలి వేరే ఊళ్లో స్థిరపడినవాళ్లు ఎవరున్నారో చెప్పండి అని పిల్లల్ని అడిగాను. క్లాసులో యాభై నాలుగు మంది. చేతులు బాగానే లేచాయి. మా అన్నయ్య హైదరాబాద్‌లో ఉన్నాడు, మా బాబాయి దుబాయ్‌లో ఉన్నాడు, మా తాతయ్య ప్రకాశం జిల్లా నుంచి వచ్చారు, మా మావయ్య డల్లాస్ మేడమ్. అందరూ మగవాళ్ల పేర్లే చెప్పారు. "మీ అమ్మగారు ఎక్కడ పుట్టారు?" అని ముందు బెంచీ అమ్మాయిని అడిగితే "రేపల్లె మేడమ్" అంది. "మరి గుంటూరు ఎలా వచ్చారు?" అంటే ఆ పిల్ల నన్ను వింతగా చూసి, "పెళ్లైంది కదా మేడమ్" అంది.

అదేదో ప్రయాణమే కానట్టు చెప్పింది. నాకు బాధేసింది, కానీ తప్పు పిల్లలది కాదు, పాఠంలోనే పెళ్లి అనే మాట చివరి లైన్లో ఎక్కడో ఉంటుంది. 2020-21లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వేలో మగవాళ్లలో వలస వచ్చినవాళ్లు 10.7 శాతమైతే ఆడవాళ్లలో 47.9 శాతం, అలా వచ్చిన ఆడవాళ్లలో 86.8 శాతం మంది పెళ్లి వల్లే వచ్చారు. అంటే ఈ దేశంలో ఊరు మారినవాళ్లలో ఎక్కువమంది మన అమ్మలూ అమ్మమ్మలూ. మనం మాత్రం దాన్ని కాపురానికి వెళ్లడం అంటాం, వలస అనం.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆడవాళ్ల ప్రయాణాలన్నీ వరసగా గుర్తుకొస్తున్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. 1953లో తుంగభద్ర డ్యామ్ పూర్తయ్యి కాలువల్లో నీళ్లు పారడం మొదలయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు చాలామంది ఇక్కడ ఉన్న కాస్త మాగాణి అమ్ముకుని ఇప్పటి కర్ణాటకలో ఉన్న సింధనూరు, గంగావతి, మాన్వి వైపు వెళ్లారు. ఇక్కడ రెండెకరాలు అమ్మితే అక్కడ దానికి ఎన్నో రెట్లు భూమి వచ్చేదట, కాకపోతే అంతా తుమ్మచెట్లూ నల్లరేగడీ. అక్కడ వాళ్లు వేసుకున్న ఊళ్లని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మా తాతయ్యా, ఆయన అన్నదమ్ములూ అలా వెళ్లినవాళ్లే. మొదటి రెండేళ్లూ మగవాళ్లే ఉన్నారు, గుడిసెలు వేసుకుని, ఒక పూట వండుకుని రెండు పూటలు తింటూ. ఇక అక్కడే ఉండిపోవాలని నిర్ణయించుకోగానే చేసిన మొదటి పని ఏమిటంటే, పెళ్లికూతురి కోసం తిరిగి తెనాలి రావడం.

అమ్మమ్మకి అప్పుడు పదహారేళ్లు. 1956 ఎండాకాలంలో పెళ్లి. గుంటూరులో మీటర్ గేజీ రైలెక్కి బళ్లారిలో దిగి, అక్కణ్ణుంచి బస్సు, బస్సు దిగాక ఎడ్లబండి. ఆవిడ వెళ్లినప్పుడు ఆ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, అదే ఏడాది నవంబరు 1న మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. అంటే గడప దాటకుండానే ఇంకో రాష్ట్రం మారింది ఆవిడ. భాష రాదు, సంతలో బేరం ఆడటం రాదు, గోంగూర దొరకదు. మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు గోంగూర విత్తనాలు చీర కొంగున కట్టుకుని వెళ్లానని చెప్పేది. తర్వాత ఆ క్యాంపులో ప్రతి ఇంటి వెనకా గోంగూర మడి ఉండేదట. ఊరు ఎలా పుడుతుంది అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను, కాలువ తవ్వింది ప్రభుత్వం, చెట్లు కొట్టింది మగవాళ్లు, కానీ ఆ గుడిసెల్లో పొయ్యి వెలిగాకే వెనక్కి వెళ్లాలన్న ఆలోచన వాళ్లకి పోయింది.

క్యాంపుల్లో ఇంకో పద్ధతి ఉండేది. కొడుకులకి పిల్లని కృష్ణా, గుంటూరు నుంచే తెచ్చుకునేవాళ్లు, కూతుళ్లని వీలైతే ఇటే ఇచ్చేవాళ్లు. మా అమ్మ అక్కడ పుట్టి, కన్నడ బడిలో చదువుకుని, 1979లో పెళ్లి చేసుకుని గుంటూరు బ్రాడీపేటకి వచ్చింది. మా నాన్నకి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. అమ్మ తెలుగులో కన్నడ యాస ఉందని మా నానమ్మ వాళ్లు నవ్వేవాళ్లట. తల్లి వెళ్లిన దూరమంతా కూతురు వెనక్కి వచ్చింది, ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక మా చెల్లి. ఇది రాయడం నాకు కొంచెం కష్టం, ఎందుకంటే ఆ సంబంధం కుదరాలని ఇంట్లో అందరికంటే గట్టిగా పట్టుబట్టింది నేను.

2010లో చెల్లికి ఇరవై నాలుగు. ఈసీఈ చదివి హైదరాబాద్‌లో రెండేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. అబ్బాయి టెక్సాస్‌లో, హెచ్1 (అక్కడి ఉద్యోగ వీసా) మీద. బుద్ధిమంతుడు, ఇప్పటికీ ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ పెళ్లి జరిగిన తీరు చూస్తే ముహూర్తం పెట్టింది పంతులుగారు కాదు, వాళ్ల ఆఫీసు సెలవులే. అమెరికాలో అందరికీ సెలవు దొరికేది క్రిస్మస్‌కి. మనకి డిసెంబరు 16 నుంచి ధనుర్మాసం, సంక్రాంతి దాకా పెళ్లిళ్లు చేయం. అందుకని డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లో ఉన్న నాలుగు ముహూర్తాల మీదే అమెరికా పెళ్లికొడుకులందరూ పడతారు, ఆ వారంలో గుంటూరులో కల్యాణ మండపం దొరకదు, సన్నాయి మేళం దొరకదు. మా మరిది దిగిన ఆరో రోజు పెళ్లి. తొమ్మిదో రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఫోటోగ్రాఫర్‌కి ముందే చెప్పాం, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, రెండు వైపులా పెద్దవాళ్లు కనబడేలా గ్రూపు ఫోటో, ఇవి నాలుగు రోజుల్లో ప్రింటై చేతికి రావాలని. వీసా ఇంటర్వ్యూకి చూపించడానికి. బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది అప్పటి అమెరికా కాన్సులేట్. ఆ పక్క రోడ్డు మీద పెళ్లి ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కొత్త పెళ్లికూతుళ్లు ఎంతమందో, గోరింటాకు ఇంకా పోలేదు ఎవరి చేతులకీ.

జనవరిలో వెళ్లిపోయింది. హెచ్4 అంటే అప్పుడు మాకెవరికీ సరిగ్గా తెలియదు, భర్తతో ఉండటానికిచ్చే వీసా అనుకున్నాం, అంతే. ఉద్యోగం చేయకూడదని తెలుసు, కానీ ఒక ఏడాదిలో ఏదో ఒకటి అవుతుందిలే అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. నాలుగున్నరేళ్లు పట్టింది. హెచ్1 వాళ్ల భార్యాభర్తల్లో కొందరికి పని చేసుకునే అనుమతి ఇస్తూ రూలు అమల్లోకి వచ్చింది 2015 మే 26న, అది కూడా అవతలి మనిషికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే అర్జీ) అప్రూవ్ అయితేనో, ఆరేళ్లు దాటి హెచ్1 పొడిగించుకుని ఉంటేనో. మా మరిదికి 2013లోనే ఐ-140 అయింది కాబట్టి సరిపోయింది. ఈ నాలుగున్నరేళ్లలో చెల్లి నాకు చేసిన ఫోన్లలో మొదట్లో ఉన్న హుషారు ఎలా తగ్గిందో నాకు నెల నెలా తెలుసు. ఒకసారి అంది, "అక్కా, ఇవాళ పొద్దుట్నుంచి నేను మాట్లాడిన మొదటి మనిషివి నువ్వే" అని. వాళ్లకప్పుడు సాయంత్రం ఆరు.

అనుమతి వచ్చాక కూడా ఈసీఈ చదువు పనికిరాలేదు, రెజ్యూమేలో అంత గ్యాప్ చూసి ఎవరూ పిలవలేదు, టెస్టింగ్ కోర్సు చేసి మళ్లీ అడుగు నుంచి మొదలుపెట్టింది. ఇప్పుడు బాగానే ఉంది. బాగానే ఉంది అనడం, పోయింది తిరిగొచ్చింది అనడం ఒకటి కాదు. ఆ ఏళ్లు ఆ పిల్ల జీవితంలోంచి పోయాయి, దానికి మా మరిది కారణం కాదు, అత్తగారు కారణం కాదు, ఒక వీసా కేటగిరీని చూసుకోకుండా పెళ్లి చేసిన మేము కొంత కారణం. గ్రీన్ కార్డు సంగతి ఇంకా తేలలేదు. ఉద్యోగాల మీద ఇచ్చేవి ఏటా సుమారు 1,40,000, అందులో ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతం దాటనివ్వరు, మనవాళ్లేమో లక్షల్లో క్యూలో ఉన్నారు.

పురుడు సంగతి కూడా చెప్పాలి. మనకి తొలి కాన్పు పుట్టింట్లో. చెల్లికి 2012లో నెలలు నిండుతున్నప్పుడు ఇటు రావాలంటే తిరిగి వెళ్లడానికి మళ్లీ వీసా వేయించుకోవాలి, ఆ స్టాంపింగు భయం, అందుకని అమ్మే విమానం ఎక్కింది. జీవితంలో అంతకుముందు సింధనూరు తప్ప ఇంకో దూరం వెళ్లని మనిషి, పెట్టెలో కాయం, వాము, సున్నుండలు, పత్తి చీరలు చింపిన మెత్తటి గుడ్డలు సర్దుకుని ఆరు నెలలు వెళ్లింది. అమ్మ తిరిగి వస్తుంటే అటు నుంచి అత్తగారు వెళ్లారు, ఇంకో ఆరు నెలలు. రెండో కాన్పుకీ అంతే. ఈ ఆరు నెలలు నాన్న బ్రాడీపేట ఇంట్లో ఒక్కరే. నేను పెళ్లై అరండల్‌పేటలో ఉంటాను, కూతవేటు దూరం, క్యారేజీ పంపేదాన్ని. కానీ పొద్దున ఐదింటికి లేచి రెండు గ్లాసుల కాఫీ కలిపి, రెండో గ్లాసు ఎవరికని గుర్తొచ్చి తనే తాగేశానని నాన్న ఒకసారి చెప్పారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఒక్క రాత్రి విడిగా ఉండని మొగుడూ పెళ్లాలు, కూతురి పెళ్లి దూరం వల్ల అరవైకి దగ్గరపడ్డాక విడిగా ఉండటం నేర్చుకున్నారు. విజయవాడ, గుంటూరు, తెనాలిలో ఏ వీధి చూసినా ఇలాంటి ఇళ్లున్నాయి. ఒకరి వలస వల్ల ఇంకొకరి దాంపత్యం ఎలా మారుతుందో లెక్కగట్టే సర్వే నాకు కనబడలేదు.

చెల్లి తరం పడ్డ ఇబ్బంది చూసే, మా చుట్టుపక్కల తల్లిదండ్రులు ఒక నిర్ణయానికి వచ్చారు. అమ్మాయిని హెచ్4 మీద పంపేకంటే ముందే ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఎమ్మెస్‌కి పంపితే సొంత కాళ్ల మీద ఉంటుంది, తర్వాత అక్కడే ఉన్న అబ్బాయితో పెళ్లి చేయొచ్చు అని. నేను దీన్ని మెచ్చుకుంటాను. పదిహేనేళ్ల కిందట కట్నానికని దాచిన డబ్బు ఇప్పుడు కూతురి ఫీజుకి వెళ్తున్న ఇళ్లు నాకు తెలుసు (కట్నం 1961 నుంచీ నేరమే, అయినా దాస్తారు, అది వేరే బాధ). అయితే దారి మారినా పెళ్లికీ వీసాకీ ఉన్న ముడి మాత్రం విడిపోలేదు. ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ (చదివిన చదువు మీద అక్కడ పని చేసుకునే అనుమతి) ఒక ఏడాది, ఇంజనీరింగ్, సైన్స్ చదివినవాళ్లకి ఇంకో రెండేళ్లు. ఈలోగా లాటరీలో హెచ్1 తగలాలి, అవి ఏటా 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి అదనంగా 20 వేలు. ఒక ఏడాది తగల్లేదు, రెండో ఏడాదీ తగల్లేదు. అప్పుడు ఇక్కడ అమ్మానాన్నలకి టెన్షన్ మొదలవుతుంది, ఆ టెన్షన్ మెల్లగా సంబంధాల వైపు మళ్లుతుంది. హెచ్1 ఉన్న అబ్బాయిని చేసుకుంటే హెచ్4 మీద అక్కడే ఉండొచ్చు కదా అని. ఏ హెచ్4 వద్దనుకుని అప్పు చేసి చదివించారో, చివరికి దాని కోసమే ఆ పిల్లని తొందరపెడతారు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇదే పరిస్థితిలో నాకు ఫోన్ చేసి, "మేడమ్, అతను నచ్చాడో లేదో తెలుసుకునేంత టైము నా ఓపీటీలో లేదు" అంది. ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్1 దరఖాస్తుకి లక్ష డాలర్లు అన్న ప్రకటన వచ్చాక సంబంధాల మాటలే మారిపోయాయి. అక్కడే ఉండి ఎఫ్1 నుంచి మారేవాళ్లకి అది వర్తించదని అక్టోబరులో స్పష్టం చేశారు గానీ, అప్పటికే కొన్ని నిశ్చితార్థాలు ఆగిపోయాయి. డిసెంబరు 15 నుంచి హెచ్1, హెచ్4 వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తామనేసరికి స్టాంపింగ్ తేదీలు నెలలకి నెలలు వెనక్కి వెళ్లాయి. పెళ్లికని వచ్చిన అబ్బాయి తిరిగి వెళ్లలేక ఇక్కడే చిక్కుకుపోతాడేమో అని భయం. మా వీధిలోనే ఒక పెళ్లి డిసెంబరు నుంచి వాయిదా పడింది, శుభలేఖలు అచ్చైపోయాయి కూడా. ఇప్పుడు బయోడేటాలో గోత్రం, నక్షత్రం, ఎత్తు, వాటి కిందే "ఐ-140 అప్రూవ్డ్" అని రాస్తున్నారు. గోత్రం గురించి అడిగినంత శ్రద్ధగా ప్రయారిటీ డేటు (గ్రీన్ కార్డు క్యూలో స్థానం చెప్పే తేదీ) గురించి అడిగే పెద్దమనుషుల్ని నేను కళ్లారా చూశాను.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక్క విషయం గట్టిగా చెప్పదలుచుకున్నాను. పెళ్లి రిజిస్ట్రేషన్ వీసా కోసమే అనుకోకండి. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం అది తప్పనిసరి, ఆ సర్టిఫికెట్టూ, పాస్‌పోర్టు కాపీలూ, అల్లుడి వీసా కాగితాల కాపీలూ ఒక సెట్టు ఇక్కడ మీ దగ్గర ఉంచుకోండి. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక తెలుగు జంట కేసులో భర్త అమెరికా కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుంటే, హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఆ కోర్టు పరిధికి ఒప్పుకోకుండా వచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అంత పాత తీర్పు ఉన్నా, అక్కణ్ణుంచి మెయిల్లో ఏదో కాగితం రాగానే ఇక అంతా అయిపోయిందనుకుని ఊరుకున్న కుటుంబం ఒకటి నాకు తెలుసు. లాయరు దగ్గరికి వెళ్లడానికే వాళ్లకి రెండేళ్లు పట్టింది.

ఇంత రాశాక మా తమ్ముడి సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

వాడికి ముప్ఫై ఐదు. ఇప్పుడు యార్డులో నాన్న కొట్టు వాడే చూసుకుంటున్నాడు. కష్టపడతాడు, సీజన్లో తెల్లవారుజామున టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగేటప్పుడు వెళ్తే రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తాడు, ఒళ్లంతా ఘాటు. ఏడేళ్లుగా సంబంధాలు చూస్తున్నాం. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే, అబ్బాయి ఇక్కడే ఉంటాడా అండీ? ఇక్కడే ఉంటాడు అనగానే మాట పొట్టిదైపోతుంది. సొంత ఇల్లుంది, అప్పుల్లేవు, అయినా వెళ్లని మగవాడికి పిల్లనివ్వరు. అమ్మమ్మ కాలంలో వెళ్లిన మగవాడు వెనక్కొచ్చి పిల్లని తీసుకెళ్లేవాడు, ఇప్పుడు పిల్లలు ముందే వెళ్లిపోయారు, ఊళ్లో మిగిలినవాళ్లు వాడిలాంటివాళ్లు. వాడి తప్పేమీ లేదు, అమ్మాయిల తప్పూ లేదు.

మొన్న ఆదివారం తెనాలి వెళ్లాం పెళ్లిచూపులకి. అమ్మాయికి ముప్ఫై ఒకటి, బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, కోవిడ్ నుంచీ ఇంటి నుంచే పని. కాఫీలు అయ్యాయి. పెద్దవాళ్లు లేచి వెళ్లి వీళ్లిద్దర్నీ మాట్లాడుకోనిద్దాం అనుకుంటుండగా ఆ అమ్మాయి అందరి ముందే మా తమ్ముడిని అడిగింది, "జూన్ నుంచి మమ్మల్ని ఆఫీసుకి రమ్మన్నారండీ. పెళ్లయ్యాక మీరు బెంగళూరు రాగలరా? నేను మాత్రం ఉద్యోగం మానను."

గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. వాళ్ల నాన్నగారు ఇబ్బందిగా లేవబోయారు. మా నాన్న నేల వైపు చూస్తున్నారు. అప్పుడు మా అమ్మ అంది, "కూర్చోండి అన్నయ్యగారూ, తప్పేం అడగలేదు అమ్మాయి. నన్నయితే ఎవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. వాణ్ణి చెప్పనివ్వండి."

వాడు రెండు రోజులు టైము ఇమ్మన్నాడు. దారిలో కారులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం లెక్కలు వేయడం మొదలుపెట్టాడు, యార్డు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వదల్లేను, మేలో ఎలాగూ సెలవులు, మిగతా నెలల్లో గుమస్తా చూసుకోగలడు, కోల్డ్ స్టోరేజీ సరుకు ఫోన్లో అమ్మొచ్చు అని. నాన్నకి ఇష్టం లేదు, ఆ విషయం దాచుకోవడం లేదు కూడా. కొట్టు మూడో తరానికి వెళ్లదేమోనని ఆయన భయం, ఆ భయం నిజమైనదే, నేను వాదించలేదు. అమ్మ మాత్రం, వాడికి వంట రాదు కదా, ముందు అది నేర్పాలి అంటోంది.

మంగళవారం సాయంత్రం తమ్ముడే ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం తేల్చుకున్నారో ఇంకా మాకు చెప్పలేదు. రాత్రి నేను వెళ్లేసరికి వరండాలో కూర్చుని ఫోన్లో బెంగళూరు వెళ్లే కొండవీడు ఎక్స్‌ప్రెస్ గుంటూరులో ఎన్నింటికి ఎక్కాలో చూస్తున్నాడు. నంద్యాల దాకా అది అమ్మమ్మ వెళ్లిన లైనే.